రోకలి, జల్లెడ, ఒక చిన్న సినిమా

(శ్రీకాకుళంలో మహిళా కార్యకర్తల శిక్షణ తరగతుల్లో చేసిన ప్రసంగ పాఠం)



పిల్లలు, సైన్సు, చిన్న సినిమాలు – వీటి గురించి మాట్లాడమని నన్ను పిలిచారు. పొద్దున్నించీ మీరంతా భరణం కేసులూ, పట్టాలూ, ఉపాధి హామీ కూలి బకాయిలూ మాట్లాడుకున్నారు. ఇంత బరువైన విషయాల తర్వాత ఈవిడొచ్చి అగ్గిపుల్లలతో బొమ్మలు చేయిస్తుందా అని వెనక వరసలో ఎవరో నవ్వడం విన్నాను. నవ్వండి. నేనూ మొదట్లో అలాగే అనుకున్నాను. పిల్లల కార్యక్రమమంటే, మనం మీటింగు పెట్టుకున్నప్పుడు వాళ్ళు అల్లరి చెయ్యకుండా ఓ మూల కూర్చోబెట్టే ఏర్పాటు అనే చాలాకాలం నమ్మాను. ఆ అభిప్రాయం మారింది 2020 జూన్ 21న.

ఆ రోజు సూర్యగ్రహణం. మన దగ్గర పాక్షికంగానే కనిపించింది. పదిన్నర ప్రాంతంలో మొదలై రెండింటి దాకా, దాదాపు మూడున్నర గంటలు. కరోనా రోజులు కాబట్టి చెన్నై, విశాఖ వలస పోయిన మగవాళ్ళు కూడా తిరిగొచ్చి ఇళ్ళలోనే ఉన్నారు. మందస వైపు ఒక ఊళ్ళో నాకు తెలిసిన ఇంట్లో కోడలికి ఏడో నెల. తెల్లవారుజామునే ఆ అమ్మాయిని లోపలి గదిలో పడుకోబెట్టి తలుపేశారు. కదలకూడదు. గోక్కోకూడదు. కత్తిపీట ముట్టుకోకూడదు. మంచినీళ్ళు కూడా తాగకూడదు. జూన్ నెల ఉక్క మీకు తెలుసు. గ్రహణం మూడున్నర గంటలే గానీ ఆ పిల్ల లోపల ఉన్నది తొమ్మిది గంటలు.

అదే సమయంలో బయట వీధిలో ఏం జరుగుతోంది? ఇత్తడి పళ్ళెంలో పసుపునీళ్ళు పోసి, అందులో రోకలి నిలబెట్టారు. అది నిలబడింది. గ్రహణం పట్టింది కాబట్టి నిలబడిందన్నారు. విడవగానే పడిపోతుందన్నారు. జనం చుట్టూ చేరారు. ఒక కుర్రాడు సెల్లులో తీశాడు. నలభై సెకన్ల వీడియో. ఆ మధ్యాహ్నం అది పక్క ఊళ్ళకీ, సాయంత్రానికి నా సెల్లుకీ వచ్చేసింది. లోపల తొమ్మిది గంటలు దాహంతో పడుకున్న అమ్మాయిని ఎవరూ సినిమా తియ్యలేదు.

నాకప్పుడు ఒకటి అర్థమైంది. పిల్లలకి సైన్సు సినిమాలు చూపించాలా వద్దా అనేది మన చేతిలో ఉన్న ప్రశ్న కాదు. ఆ సినిమాలు ఎప్పుడో వచ్చేశాయి. ఇంటింటా చూస్తున్నారు. వాటిని తీసేదెవరు, వాటిలో రుజువు పేరుతో ఏం చూపిస్తున్నారు అన్నదే మనం అడగవలసింది.

వారం తర్వాత ఆ వీధికి వెళ్ళాను. ఉపన్యాసం ఇవ్వలేదు. ఇచ్చి ఉంటే ఆ ఇంటి మామ్మగారు నన్ను గుమ్మం తొక్కనిచ్చేవారు కాదు. పిల్లల్ని పోగేసి, “ఆ రోకలి మళ్ళీ నిలబెడదాం, వస్తారా?” అన్నాను. అది మామూలు మంగళవారం. ఆకాశంలో ఏ విశేషమూ లేదు. మామ్మగారి రోకలే తెచ్చాం. మట్టినేల మీద మొదట నిలబడలేదు. గచ్చు మీదికి మార్చాం. నాలుగోసారో ఐదోసారో నిలబడిపోయింది. పళ్ళెం తీసేసినా నిలబడింది. పసుపు లేకపోయినా నిలబడింది. తలకిందులు చేస్తే, అంటే పొన్ను లేని వైపు పెడితే, ఎంత ప్రయత్నించినా నిలబడలేదు. ఆ చివర అరిగి గుండ్రంగా అయిపోయింది. ఆ తేడా కనిపెట్టింది ఎనిమిదో తరగతి పిల్ల. “అడుగు బల్లపరుపుగా ఉంటే నిలబడతాదండి, గ్రహణం గుండ్రంగా ఉన్న వేపు ఎందుకు పట్టలేదు?” అని అడిగింది. బరువు మొత్తం అడుగు దాటి పక్కకి వాలనంత వరకూ ఏ వస్తువైనా నిలబడుతుందని నేను ఆ తర్వాతే చెప్పాను. అప్పటికి చెప్పాల్సినంత అవసరం కూడా లేదు.

ఇదంతా పిల్లలు సెల్లులో తీశారు. మొదట నిలబడక పడిపోయినవి కూడా ఉంచాలా తీసెయ్యాలా అని వాళ్ళల్లో వాళ్ళు పోట్లాడుకున్నారు. ఉంచమన్నాను. పడిపోయినవి తీసేస్తే మనదీ ఆ నలభై సెకన్ల వీడియో లాంటిదే అవుతుంది. చివరికి రెండు నిమిషాల లోపు సినిమా తయారైంది. మామ్మగారు చూసి, “ఓలమ్మ, నా రోకలికి ఇంత పేరొచ్చినాదేటే!” అని తెగ మురిసిపోయారు. మళ్ళీ మళ్ళీ వేయించుకు చూశారు.

ఆవిడ మారిపోయారని చెప్తే మీరు చప్పట్లు కొడతారు. కానీ నిజం అది కాదు. 2022 అక్టోబరు 25న సాయంత్రం పొద్దు కుంకే ముందు కాసేపు గ్రహణం వచ్చినప్పుడు, అదే వీధిలో ఇంకో ఇంట్లో గర్భిణీని లోపల కూర్చోబెట్టారు. తేడా అల్లా, ఈసారి మంచినీళ్ళూ, రెండు ఇడ్లీలూ పెట్టారు. పెట్టించింది ఆ రోకలి సినిమా తీసిన పిల్లేనని తర్వాత తెలిసింది. ఆ గర్భిణీ ఆమెకి చిన్నమ్మ అవుతుంది. నేను దీన్ని విజయంగా లెక్కవెయ్యను, అలాగని చిన్నదీ కాదు. మంచినీళ్ళు హక్కే కదా.

గ్రహణాలకీ సినిమాలకీ మన దేశంలో పాత సంబంధమే ఉంది. 1980 ఫిబ్రవరి 16న కర్నాటక, ఆంధ్ర, ఒరిస్సాల మీదుగా సంపూర్ణ సూర్యగ్రహణం వచ్చింది. మన జీవితకాలంలో మన నేల మీద చూడగలిగిన అరుదైన దృశ్యం. ఆ మధ్యాహ్నం జనం బయటికి రాకుండా దూరదర్శన్ ఒక హిందీ హాస్య చిత్రం ప్రసారం చేసింది. ప్రభుత్వమే సినిమా వేసి మరీ పిల్లల్ని ఆకాశం చూడనివ్వలేదన్న మాట! మన జిల్లాల్లో అప్పటికి టీవీ లేదు, అయినా వీధులు ఖాళీ అయ్యాయని మా అమ్మ చెప్పేది. ఆ తర్వాత పరిస్థితి కొంత మారింది. 1987లో భారత జన విజ్ఞాన జాతా ఊరూరా తిరిగింది. 1988లో జన విజ్ఞాన వేదిక ఏర్పడింది. ఆ కార్యకర్తలు గ్రహణం పూట నలుగురిలో కూర్చుని టిఫిన్లు తిని చూపించారు. కళ్ళద్దాలు పంచారు. ‘చెకుముకి’ పత్రికతో పిల్లల దగ్గరికి వెళ్ళారు. ఆ కృషి తక్కువది కాదు. కానీ ఒక మాట చెప్పుకోవాలి – గ్రహణం పూట నడిబజారులో ఇడ్లీ తిన్నవాళ్ళలో ఆడవాళ్ళు ఎంతమంది? వంటింట్లో ఉన్నవాళ్ళ దగ్గరికి మనం ఇంకా చేరవలసే ఉంది.

అంతకు ముందు సంగతి కూడా గుర్తుచేస్తాను, అది మనదే కనుక. 1910లో హేలీ తోకచుక్క వచ్చినప్పుడు లోకమంతా అరిష్టమని భయపడింది. విజయనగరంలో కూర్చున్న గురజాడ ‘ముత్యాల సరాలు’లో ఆ చుక్కని అరిష్టంగా కాక, రాబోయే సంస్కరణకి గుర్తుగా చూపించాడు. నూటపది ఏళ్ళ తర్వాత ఆ జిల్లాలోనే, పక్క జిల్లాలోనే మనం రోకలి దగ్గర ఆగిపోయాం.

ఇక సినిమా సంగతి. మన దేశంలో సైన్సు సినిమా తొలిరోజుల్లో ఎక్కడ పుట్టిందనుకుంటున్నారు? ఒక ఇంట్లో, ఒక కుండీలో. దాదాసాహెబ్ ఫాల్కే 1912లో లండన్ వెళ్ళి కెమెరా కొనుక్కొచ్చాక, డబ్బు పెట్టేవాళ్ళకి నమ్మకం కలిగించడానికి ఒక గింజని కుండీలో నాటి, అది మొలకెత్తి తీగ సాగేదాకా రోజుల తరబడి కొద్దికొద్దిగా ఫిల్ము మీదికెక్కించాడు. తెర మీద నిమిషం లెక్కన గింజ మొక్కయిపోయింది. చూసినవాళ్ళు డబ్బిచ్చారు. 1913లో ‘రాజా హరిశ్చంద్ర’ వచ్చింది. ఈ కథ సినిమా పుస్తకాల్లో ఉంటుంది. అందులో చిన్న అక్షరాల్లో ఉండే మనిషి సరస్వతీబాయి. ఆయన భార్య. ఫిల్ముకి అంచున రంధ్రాలు చేసిందీ, రసాయనాలు కలిపి ఫిల్ము కడిగిందీ, ఆ జనానికంతటికీ వండిపెట్టిందీ, నగలు తాకట్టుకిచ్చిందీ ఆమె. ఆ సినిమాలో తారామతి వేషం వెయ్యడానికి ఆడవాళ్ళెవరూ రాకపోతే ఒక మగాయన వేశాడు. కొడుకు రోహితాశ్వుడయ్యాడు. తర్వాత 1919లో ‘కాళీయ మర్దనం’లో కృష్ణుడి వేషం వేసింది వాళ్ళ కూతురు మందాకిని. అంటే ‘కుటుంబమంతా కలిసి సైన్సూ సినిమా’ అనేది ఏదో కొత్త ప్రాజెక్టు కాదు. అందులో ఎవరి శ్రమ కనిపిస్తుంది, ఎవరిది కనిపించదు అన్న ప్రశ్న కూడా అప్పటిదే.

ఆ మొలక సినిమా మనం ఈ రోజు ఎవరింట్లోనైనా తియ్యొచ్చు. నాలుగు పెసర గింజలు గాజుగ్లాసు అంచున తడిగుడ్డలో పెట్టండి. సెల్లుని ఇటుకకి ఆనించి, ఇటుక కదలకుండా నేల మీద సుద్దతో గీత గీయండి. పగలు రెండు గంటలకొకసారి ఒక ఫోటో. రోజుకి ఆరు, ఎనిమిది రోజులకి 48. సినిమాలో సెకనుకి 24 బొమ్మలు పరిగెడతాయి కాబట్టి ఆ లెక్కన ఇది రెండు సెకన్లలో అయిపోతుంది. సెకనుకి ఆరు చొప్పున నిదానంగా వేస్తే ఎనిమిది సెకన్లు. ఎనిమిది రోజుల పని ఎనిమిది సెకన్లు. ఈ లెక్క పిల్లలచేతే కట్టించండి. పార్వతీపురం వైపు ఒక ఇంట్లో ఇలా తీస్తే మధ్యలో మేక వచ్చి మొలకలు తినేసింది. ఆ ఫోటో కూడా పడింది. ఇప్పటికీ అన్ని సినిమాల్లోకీ పిల్లలు ఎక్కువసార్లు వేయించుకునేది అదే!

ఫోటోలు కదిలినట్టు ఎందుకు కనిపిస్తాయో చెప్పడానికి సెల్లు కూడా అక్కర్లేదు. గుండ్రంగా కోసిన అట్టముక్కకి ఒక వైపు పంజరం, ఇంకో వైపు చిలక గీసి, రెండు అంచులకీ దారాలు కట్టి గిరగిరా తిప్పితే చిలక పంజరంలో ఉన్నట్టు కనిపిస్తుంది. 1825లో లండన్‌లో ఒక డాక్టరు ప్రచారంలోకి తెచ్చిన బొమ్మ ఇది. నేను ఎప్పుడూ చిలకా పంజరమే చెప్పేదాన్ని. చీపురుపల్లి దగ్గర ఒక పిల్ల, నన్నడక్కుండానే, ఒక వైపు సైకిలు, ఇంకో వైపు తనని గీసుకుంది. తిప్పింది. సైకిలెక్కింది. ఆ తర్వాత నేను చిలకని మానేశాను.

చీకటిగది ఇంకా సులువు. పెంకుటింట్లో ఒక గది తలుపులూ కిటికీలూ మూసి, కిటికీకి అడ్డం పెట్టిన అట్టకి మేకు పట్టేంత రంధ్రం చెయ్యండి. ఎదురుగోడకి తెల్లపంచె కట్టండి. ఎండ బాగా ఉన్న పూట వీధిలో వెళ్ళే మనుషులూ, ఆవులూ, ఆటోలూ ఆ పంచె మీద తలకిందులుగా నడుస్తాయి. రంగులతో సహా. వెలుగు తిన్నగా ప్రయాణం చేస్తుంది కాబట్టి పైనున్నది కిందికీ, కిందున్నది పైకీ వస్తుంది. కెమెరా అంటే అంతే. జల్లెడ కూడా అదే పని చేస్తుంది. గ్రహణం రోజు జల్లెడని ఎండలో పట్టుకుంటే నేల మీద జల్లెడకి ఎన్ని కళ్ళున్నాయో అన్ని చంద్రవంకలు పడతాయి. చెట్టు నీడలో ఆకుల సందుల్లోనూ అంతే. సూర్యుడి వంక చూడక్కర్లేదు, కళ్ళకి ప్రమాదం లేదు, గర్భిణీ కూడా అరుగు మీద కూర్చుని చూడొచ్చు. నల్లకళ్ళద్దాల కోసం ఎవర్నీ అడుక్కోనక్కర్లేదు.

మన దగ్గర జముకుల కథ చెప్పేవాళ్ళున్నారు. జముకు ఎలా మోగుతుందో చూశారా? ఒక వైపు చర్మం, దాని మధ్యలోంచి తీగ. డబ్బా అడుగున చిల్లు పెట్టి, దారానికి అగ్గిపుల్ల కట్టి లోపల ఆపి, బిగలాగి మీటితే అదే పద్ధతిలో మోగుతుంది. లాగినకొద్దీ గొంతు సన్నబడుతుంది. బొబ్బిలి వీణకి బిరడా తిప్పినప్పుడు జరిగేదీ ఇదే. పనికిరాని వస్తువులతో సైన్సు బొమ్మలు చేయించే ఈ దారిలో మనకి పెద్దదిక్కు అరవింద్ గుప్తా. ఇంజనీరు ఉద్యోగం చేస్తూ 1978లో సెలవు పెట్టి హోషంగాబాద్ పల్లెల్లో సైన్సు బోధన కార్యక్రమానికి వెళ్ళి, సంతలో దొరికే సామాన్లతో అగ్గిపుల్లల నమూనాలు కనిపెట్టాడు. తర్వాత పుణెలో పనిచేస్తూ అలాంటి బొమ్మల మీద ఒకటి రెండు నిమిషాల చిన్న సినిమాలు వందలకొద్దీ తీసి, అనేక భారతీయ భాషల్లో ఉచితంగా ఇచ్చారు ఆయనా ఆయన సహచరులూ. ఒక నిమిషం చూడ్డం, గంటసేపు చెయ్యడం – ఈ పాళ్ళు గుర్తుంచుకుంటే చాలు. మనవాళ్ళు తిరగేస్తారు. గంటసేపు సినిమా, ఒక నిమిషం ‘ఏం నేర్చుకున్నారు పిల్లలూ?’

ప్రభుత్వం తరఫున 1955లో బాలల చిత్ర సమితి పెట్టారు. హైదరాబాద్‌లో అంతర్జాతీయ బాలల చిత్రోత్సవాలు జరిపారు. ఏనుగు బొమ్మ అవార్డులిచ్చారు. ఇచ్ఛాపురం పిల్లకి ఆ ఏనుగు ఏనాడూ కనిపించలేదు. 2022లో ఆ సమితిని కూడా జాతీయ చలనచిత్ర అభివృద్ధి సంస్థలో కలిపేశారు. ఆ సినిమాల కోసం మనం కూర్చోనక్కర్లేదు గానీ, ప్రజల డబ్బుతో తీసినవి ప్రజల పిల్లలకి అందాలని అడగడం మాత్రం మానకూడదు.

సీతంపేట కొండల మీద సవర పిల్లలతో పనిచేసే అక్కలు ఇక్కడున్నారు, వాళ్ళు నాకు నేర్పిన మాట ఒకటుంది. తెలుగు వ్యాఖ్యానంతో వేసిన సినిమాకి చిన్నపిల్లలు పది నిమిషాల్లో లేచిపోయారు. గొంతు తీసేసి అదే సినిమా వేసి, పెద్దపిల్ల ఒకామె సవరలో చెప్తే కదల్లేదు. అప్పటినించీ మేం తీసేవి మాటలు లేకుండా తీస్తున్నాం. మాట ఎవరి ఊళ్ళో వాళ్ళే చెప్పుకుంటారు.

ఇప్పుడు అసలు చిక్కులోకి వస్తాను.

‘కుటుంబ కార్యక్రమం’ అని కరపత్రం వేశాం ఒకసారి. సాయంత్రం ఏడింటికి అన్నాం. వచ్చినవాళ్ళెవరు? మగపిల్లలు, ముసలివాళ్ళు, ఇద్దరు ముగ్గురు తండ్రులు. ఏడింటికి పొయ్యి మీద అన్నం ఉడుకుతుంది. తల్లి అక్కడ, కూతురు ఆమె పక్కన, చంటిపిల్ల కూతురి చంకన. సముద్రపుటొడ్డు ఊళ్ళలో అయితే తండ్రులు అసలు ఉండరు, గుజరాత్‌లో వేరావల్ బోట్ల మీద ఉంటారు. 2018లో పాకిస్తాన్‌కి చిక్కి 2020 జనవరిలో విడుదలైన మన జాలర్ల మీద మొన్న పెద్ద సినిమానే వచ్చింది. ఆ పద్నాలుగు నెలలూ ఒంటిచేత్తో ఇల్లు నడిపిన తల్లిని పట్టుకుని ‘పిల్లలతో కలిసి సరదాగా ప్రయోగాలు చెయ్యండి’ అంటే అది ఇంకో చాకిరీ. బడి చెయ్యని పని తల్లి నెత్తిన పెట్టడం. ఈ మాట పలాసలో ఒకామె నా మొహం మీదే అన్నది: “నాను జీడిపిక్కలు కొట్టాలా, ఈ గుంటలికి పాఠాలు సెప్పాలా, ఏటమ్మా నీ గోల?”

ఆమె వేళ్ళు చూశాను. జీడితొక్క నూనెకి చర్మం నల్లబడి, పొరలు లేచి ఉంది. ఆ నూనె ఒంటికి తగిలితే కాలుతుంది. వేళ్ళకి నూనె రాసుకుని, బూడిద అద్దుకుని ఆమె పని చేస్తోంది. ఆ బూడిద ఎందుకు, ఎప్పుడు మళ్ళీ అద్దుకోవాలి, పిక్క ఏ వైపు నుంచి కొడితే పప్పు విరగకుండా వస్తుంది – ఇవన్నీ ఆమెకి తెలుసు. ఆమె పాఠం చెప్పనక్కర్లేదు, ఆమె పనే పాఠం అని అప్పుడు తట్టింది నాకు. పిల్లలు ఆమె చేతుల్ని సినిమా తీశారు. మూడు నిమిషాలు, మొహం లేదు, చేతులే. బళ్ళో చూపించినప్పుడు ఒక పిల్లవాడు అడిగాడు: “చేతొడుగులు ఎందుకివ్వరు?” ఈ సభలో పొద్దున్నించీ మీరు అడుగుతున్నవీ ఇలాంటివే.

పొందూరులో కూడా అంతే. నూలు వడికే అమ్మల దగ్గర వాలుగ చేప దవడ ఎముక ఉంటుంది. దాని పళ్ళతో పత్తిని దువ్వుతారు. దానంత సన్నగా, పోగు తెగకుండా దువ్వే పరికరం ఇంకోటి వాళ్ళకి దొరకలేదు. దాన్ని పిల్లల చేతికిచ్చి, దువ్విన పత్తినీ దువ్వని పత్తినీ భూతద్దంలో చూపిస్తే భౌతికశాస్త్రమూ, జీవశాస్త్రమూ, కూలిరేటూ ఒకే పీట మీద కూర్చుంటాయి.

వేళ మార్చాం. ఆదివారం మధ్యాహ్నం, అంట్లు తోమడం అయ్యాక. ఆ ఇంట్లో మగవాళ్ళుంటే ఆ పూట అంట్లు వాళ్ళవి. ఇది షరతు. కొన్నిచోట్ల నవ్వారు, కొన్నిచోట్ల తోమారు. రెండో షరతు, భూతద్దమైనా సెల్లైనా మొదటి చెయ్యి ఆడపిల్లది. ఇది ఎందుకు పెట్టామంటే, మేం తీసిన మొదటి ఆరు సినిమాలూ వరసగా వేసుకు చూస్తే, అన్నిట్లోనూ మగపిల్లలు చేస్తున్నారు, ఆడపిల్లలు పళ్ళెం పట్టుకు నిలబడ్డారు. ఎవరూ చెప్పలేదు, దానంతటది అలా సర్దుకుపోయింది. మన కళ్ళకి ఆనలేదు. సినిమా చూపించింది.

ఒక తప్పు ఒప్పుకోవాలి. రెండేళ్ళ కిందట ఒక ఊళ్ళో తీసిన సినిమా బాగుందని మాలో ఒకరం గ్రూపులో పెట్టాం. అందులో పదో తరగతి పిల్ల నవ్వుతూ జల్లెడ పట్టుకుంటుంది. అది చేతులు మారి, ఎవడో దానికి పాట తగిలించి స్టేటస్ పెట్టాడు. ఆ పిల్లని నెల్లాళ్ళు బడి మానిపించారు. మేం వెళ్ళి మాట్లాడితే తండ్రి ఒకటే అన్నాడు, “మీరు తియ్యకపోతే ఇది లేదు కదా” అని. జవాబు లేదు నా దగ్గర. పరీక్షలు రాసింది, కానీ ఆ తర్వాత మా కార్యక్రమాలకి రాలేదు. ఇప్పుడు మా నియమం: పిల్లనీ తల్లినీ ఇద్దర్నీ అడగాలి, ఎవరు వద్దన్నా వద్దే. మొహాలకన్నా చేతులు తియ్యాలి. సినిమా ఆ వీధిలో వేసి, ఆ ఇంటి సెల్లులోనే ఉంచాలి, బయటికి పంపకూడదు. మనం దాతలకి పంపే నివేదికల్లో ఫోటోలకి కూడా ఇదే వర్తించాలని నా అభిప్రాయం. ఇది కొందరికి ఇబ్బందిగా ఉంటుందని తెలుసు.

సైన్సు పేరుతో అబద్ధం చెప్పే ప్రమాదం కూడా ఉంది. ఉద్దానంలో ఒక ఊళ్ళో, కోసిన సీసాలో గులకరాళ్ళూ, ఇసకా, బొగ్గూ పోసి బురదనీళ్ళు వడగట్టి చూపించాం. నీళ్ళు తేటగా వచ్చాయి, పిల్లలు చప్పట్లు కొట్టారు. భర్తని కిడ్నీ జబ్బుకి పోగొట్టుకున్న ఒకామె లేచి, “ఇలా వడగట్టుకుంటే మా ఇంట్లో ఇంకెవరికీ రాదా?” అంది. రాదు అని ఎలా అంటాను? ఆ జబ్బుకి కారణం ఇదీ అని ఎన్నో ఏళ్ళుగా పరిశోధిస్తున్నా ఇంతవరకూ తేలలేదు. కవిటి, సోంపేట, కంచిలి, మందస – ఊరూరా మనుషులు పోతూనే ఉన్నారు. 2023 డిసెంబరులో పలాసలో కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభించారు, కానీ ఆమె ప్రశ్నకి ఆ రోజు నా దగ్గర జవాబు లేదు.

మరుసటి ఆదివారం మళ్ళీ వెళ్ళాం. అదే సీసాలో ఈసారి ఉప్పునీళ్ళు పోశాం. తేటగానే వచ్చాయి. రుచి చూడమన్నాం. ఉప్పగానే ఉన్నాయి. స్టీలు గరిటెలో పోసి మరిగిస్తే తెల్లటి మరక మిగిలింది. కంటికి కనిపించేది పోతుంది, నీళ్ళలో కరిగింది పోదు. చప్పట్లు రాలేదు. నా అనుభవంలో మేం చేసిన అన్ని ప్రయోగాల్లోకీ ఇదే మంచిది. ఊరికి ఐదుగురు మహిళలకి నీటి పరీక్షలో శిక్షణ ఇవ్వాలని 2019లో మొదలైన జల్ జీవన్ మిషన్ నియమం. మా ఊళ్ళో ఆ ఐదుగురు ఎవరు, పరీక్ష పెట్టె ఎక్కడుంది అని ఆడవాళ్ళు అడగడం మొదలుపెట్టారు. సమాచార హక్కు దరఖాస్తు రాసింది ఆ భర్త పోయినామె కూతురే.

చిల్లంగి మాట ఎత్తకుండా వెళ్ళలేను. ఏజెన్సీలోనూ, కింద పల్లెల్లోనూ ఒంటరి ముసలమ్మలనీ, విధవరాళ్ళనీ చిల్లంగి పెట్టారని కొట్టడం, చంపడం మీకు నేను చెప్పాలా? పొరుగున ఒడిశాలో 2013లో దీనికి ప్రత్యేక చట్టం తెచ్చారు. చట్టం కావాలి. అయితే ఆ ముసలామె ఇంటి ముందు గుమిగూడేవాళ్ళు ప్రతిసారీ చెప్పే సాక్ష్యం ఒకటే – ‘ఆమె చూసింది, మర్నాడు పిల్లకి జొరమొచ్చింది, కళ్ళారా చూశాం’. రోకలి దగ్గర కూడా ఇదే సాక్ష్యం. గ్రహణం పట్టింది, నిలబడింది, కళ్ళారా చూశాం. ఆమె చూడని రోజు ఎంతమందికి జ్వరమొచ్చిందో లెక్కవేసినవాళ్ళు లేరు. గ్రహణం లేని రోజు రోకలి నిలబెట్టి చూసిన పిల్ల, రేపు ఆ గుంపులో ఒక ప్రశ్న వేస్తుందని ఆశ. ఆశ మాత్రమే. వేస్తే ఆ పిల్లని కొడతారేమోనన్న భయమూ ఉంది నాకు. అందుకే ఒక్కర్తినే పంపకూడదంటున్నాను.

రాజ్యాంగంలో 51ఎ(హెచ్) ఉంది, 1976లో చేర్చారు. శాస్త్రీయ దృష్టి పెంచుకోవడం పౌరుల విధి అని. బాలల హక్కుల ఒడంబడిక 31వ అధికరణం ఆటకీ విశ్రాంతికీ ప్రతి బిడ్డకీ హక్కుందంటుంది. 1992లో మన దేశం దాన్ని ఒప్పుకుంది. చంకన చెల్లెల్ని మోస్తున్న పదేళ్ళ పిల్లకి మొదటి దానికన్నా రెండోదే ముందు కావాలి. ఆట లేకుండా శాస్త్రీయ దృష్టి రాదు.

అడిగారు కాబట్టి ఎండ ఆట ఒకటి చెప్తాను. అరసవల్లి గుళ్ళో మార్చి రెండో వారంలోనూ, అక్టోబరు మొదట్లోనూ పొద్దున్నే కిరణాలు మూలవిరాట్టు పాదాల మీద పడతాయి. రెండుసార్లే ఎందుకు? సూర్యుడు ఏడాదిలో ఉత్తరానికి వెళ్తూ ఒకసారి, దక్షిణానికి తిరిగొస్తూ ఒకసారి అదే చోట ఉదయిస్తాడు. కట్టినవాళ్ళు అది లెక్కగట్టి కట్టారు. భక్తులు దండం పెట్టుకోవచ్చు, పిల్లలు లెక్కా నేర్చుకోవచ్చు, ఒకదానికొకటి అడ్డం కాదు. మీ ఇంటి కప్పు సందులోంచి పడే ఎండమచ్చ చుట్టూ వారానికొకసారి ఒకే వేళకి ముగ్గుపిండితో గీయండి. మచ్చ నడుస్తుంది. ఫోటోలు తీసి కలిపితే సినిమా. మే 13 దగ్గరలోనూ, జులై 30 దగ్గరలోనూ మన జిల్లాల్లో పన్నెండు గంటల వేళ సూర్యుడు సరిగ్గా నడినెత్తికి వస్తాడు. జులైలో మబ్బులు, మే నెల మేలు, పిల్లలకి సెలవులు కూడా. ఆ వేళ అరుగు మీద నిలబెట్టిన రోకలికి నీడ ఉండదు. పసుపునీళ్ళు అక్కర్లేదు.

ఇంక చాలు. వెనక గది కిటికీలు అట్టలతో మూసి ఉంచాం. భోజనాలయ్యాక పదిమంది చొప్పున లోపలికి రండి, చంటిపిల్లలున్నవాళ్ళు ముందు. కళ్ళు చీకటికి అలవాటు పడ్డానికి రెండు నిమిషాలు పడుతుంది, ఓపిక పట్టండి. ఎదురుగోడ మీద బస్టాండు రోడ్డు కనిపిస్తుంది. అంట్లు ఇవాళ ఎవరు తోమాలో నిర్వాహకులు చెప్తారు.